అమావాస్యకి పొగ పెట్టిన గది

నేను బతికాను. మంచి వేళలో ఆపరేషన్ జరిగింది కాబట్టి బతికానని మా ఊళ్ళో చెప్పుకుంటున్నారు. కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. కడుపు మీద గాయం మానింది. వంగితే లాగుతుంది. దగ్గొస్తే అరచెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. అయినా కూర్చుని రాసే ఓపిక వచ్చింది. నేను రాయకపోతే మా ఊరి కథే నిలబడుతుంది. ఇన్నేళ్ళుగా ముహూర్తాలు ఒట్టివని ఉపన్యాసాలిచ్చినవాడు ముహూర్తబలానికి సాక్ష్యంగా వీధుల్లో తిరగడం కన్నా అవమానం ఏముంటుంది?

పట్నం పేరు, నర్సింగ్ హోం పేరు, సర్జన్ గారి పేరు రాయను. భయపడి కాదు. పేరు రాస్తే చదివినవాళ్ళు "ఓహో, ఆ ఆసుపత్రా, మనం అటు పోంలే" అని నిశ్చింతగా పత్రిక మూసేస్తారు. పేరు లేకపోతే ఎవరి ఊరి ఆసుపత్రి వాళ్ళకి గుర్తొస్తుంది. నాకు కావలసింది అదే.

మామూలుగా నేను తేదీలు వేసి రాస్తాను. ఈసారి తిథులు వేస్తున్నాను. జబ్బు నాదే అయినా దాన్ని నడిపింది పంచాంగం.

శివరాత్రి మర్నాడు

ఎనభై నాలుగో సంవత్సరం శివరాత్రికి మా హేతువాద మిత్రులం ఎప్పటిలాగే కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాం. మొక్కడానికి కాదు. దారి పక్కన బల్ల వేసుకుని, నాలుక మీద కర్పూరం వెలిగించి, ఖాళీ చేతిలోంచి విబూది రాల్చి, ఇందులో మహిమేమీ లేదు, ఇదిగో కిటుకు అని విప్పి చూపిస్తాం. జనం నవ్వుతారు. కొందరు తిడతారు. కొందరు మెచ్చుకుని, అదే నడకన కొండెక్కుతారు. ఆ ఏడు ఒక ముసలాయన కిటుకంతా శ్రద్ధగా విని, "బాగుంది బాబూ, కాస్త నాకూ పెట్టు" అని నుదురు ముందుకు చాపాడు.

మర్నాడు ఇంటికొచ్చాక బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తిరునాళ్ళలో తిన్న మిరపకాయ బజ్జీలనుకున్నాను. మధ్యాహ్నానికి ఆ నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే కూర్చుంది. వాంతులయ్యాయి. కుడికాలు చాపలేకపోయాను. మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి గ్యాసన్నాడు, ఒక సూది వేశాడు, వెళ్ళాడు. మా పక్కింటావిడ తన అరుగు మీద నుంచే నాకు వినపడేలా అంది:

"కొండ దగ్గరకి పోయి ఆ సామినే ఎగతాళి చేస్తే ఊరుకుంటాడా మరి?"

మెలికలు తిరిగిపోతున్న మనిషికి కూడా కోపం వస్తుందని ఆ పూట తెలిసింది. "పోయినేడూ చేశాగా! అప్పుడు సెలవులో ఉన్నాడా?" అని అరిచాను. అరిచినందుకు మళ్ళీ వాంతయింది. ఆవిడకి అది జవాబులాగే కనిపించి ఉంటుంది.

ఈ జబ్బుకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి. ఆ పేరు పెట్టినవాడు మూర్ఖుడు కాడు. ఎన్నో చావులు చూసి, ఈ నొప్పి వస్తే గడియారం చూసుకోండిరా అని పేరులోనే హెచ్చరిక పెట్టిపోయాడు. మనం గడియారం పక్కనపెట్టి పంచాంగం తీశాం.

అమావాస్య

ఆ ఏడు అమావాస్య శివరాత్రి వెళ్ళిన రెండో నాడు పడింది. తెల్లవారగానే మా అన్నయ్య కోటయ్య పట్నం వెళ్ళడానికి జీపు మాట్లాడుకొచ్చాడు. అన్నయ్య వ్యవసాయదారుడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. కొండ దేవుడి పేరు మోస్తున్నావని నేను ఏడిపిస్తే, "నీ పేరేమన్నా సైన్సు పుస్తకంలోంచి తీశారంట్రా?" అంటాడు. ఆ రోజు ఆయన మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. ఆకాశం మబ్బుగా ఉంది. వాన పడితే ఏడాది కష్టం నల్లబడిపోతుంది. వాటి మీద పట్టా కూడా కప్పకుండా వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇది కూడా రాయాలి. రాయకపోతే తర్వాత రాయబోయేది అన్యాయమవుతుంది.

సర్జన్ గారికి నలభై ఐదు దాటి ఉంటాయి. వేళ్ళు పొడుగు, మాట పొట్టి. కడుపు మీద నెమ్మదిగా నొక్కి, ఒక్కసారిగా చెయ్యి తీసేశారు. నా నోట్లోంచి వచ్చిన కేక నాదేనని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"అపెండిక్స్. తీసెయ్యాలి" అన్నారు.

"ఎప్పుడండీ?" అన్నాను.

నాకు జవాబు చెప్పలేదు. అన్నయ్యనీ, నా భార్య సుశీలనీ వరండాలోకి పిలిచారు. తలుపుకి కట్టిన తెర నేలకి జానెడు ఎత్తున ఆగిపోయింది. దాని కింద నుంచి నాకు కాళ్ళు కనిపించాయి. సర్జన్ గారి నల్ల చెప్పులు, సుశీల మట్టెలు, కల్లంలోంచి సరాసరి వచ్చిన అన్నయ్య ఎర్రటి పాదాలు. చెప్పులు కాసేపు మాట్లాడాయి. పాదాలు అటూ ఇటూ కదిలి, తర్వాత స్థిరంగా నిలబడ్డాయి. నా కడుపు సంగతి ఆ కాళ్ళ మధ్య తేలిపోయింది.

సర్జన్ గారు లోపలికొచ్చి నాతో మాట్లాడారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"మాస్టారూ, ఇవాళ ఆపరేషన్ థియేటర్‌కి ఫార్మలిన్ పొగ పెట్టాం. లోపలి క్రిములన్నీ చచ్చేదాకా తలుపు తియ్యకూడదు. తీస్తే మీకే ప్రమాదం. రేపు పొద్దున్న మొదటి కేసు మీదే. ఈలోగా సెలైన్, ఇంజెక్షన్లు నడుస్తాయి. మీరు చదువుకున్నవారు, మీకు వేరే చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. క్రిములు అన్న మాట వినగానే నా తల దానంతటదే ఊగింది. ఊరూరా తిరిగి, దెయ్యం కాదు నాయనా, క్రిమి అని గొంతు చించుకున్నవాణ్ణి. నాతో ఏ భాషలో మాట్లాడితే నోరు మూస్తానో ఆ భాషలోనే మాట్లాడారు. వరండాలో వేరే భాష నడిచిందని నాకు ఎలా తెలుస్తుంది?

పగలంతా ఆ నర్సింగ్ హోం వరండా చూస్తూ పడుకున్నాను. వరండా అంటే మనకి సగం ఆసుపత్రి. ఫ్లాస్కులు, చాపలు, టిఫిన్ క్యారియర్లు, ఎవరి రోగం గొప్పదో చెప్పుకునే పోటీ. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన సున్నపు బట్టీ కూలీ ఒకాయన పక్క మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టు. ఆయన భార్య ఆయనకి విసురుతూ, నా వైపు కూడా విసనకర్ర తిప్పుతోంది. ఎవరూ అడగలేదు. ఆవిడ మణికట్టు ఆయన దగ్గర మొదలై నా దగ్గర ఆగి వెనక్కి వెళ్ళేది. ఆ గాలి నాకు ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం దీపాలు వేసే వేళకి నొప్పి టక్కున తగ్గిపోయింది.

"తగ్గిందా? నిజంగానే?" అని సుశీల నా మొహం మీదికి వంగింది. పెళ్ళిలో కూడా ఆవిడ మొహం అంత వెలగలేదు. పసుపు గుడ్డలో ముడుపు కట్టిన సంగతి అప్పుడే చెప్పింది. మొక్కు వల్ల తగ్గిందని ఆవిడ అనుకుంది. ఇంజెక్షన్ల వల్ల తగ్గిందని నేను అనుకున్నాను. ఇద్దరం తప్పే. లోపల పగిలింది. ఉబ్బిన తిత్తి పగిలితే కాసేపు సుఖంగానే ఉంటుంది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఈ నొప్పి వచ్చి, ఉన్నట్టుండి పోయిందా, సంతోషించకండి. కేకలు వేసి డాక్టర్ని పిలవండి. నేను పిలవలేదు. హాయిగా కళ్ళు మూసుకున్నాను. తర్వాత వణుకు వచ్చింది. కడుపు బల్లలా గట్టిపడింది. ఇక ఆ రాత్రి గురించి రాయను.

పాడ్యమి

పాడ్యమి మాత్రం ఏం మంచిదని మీరు అడగవచ్చు. నేనూ తర్వాత అడిగాను. అమావాస్య కన్నా నయమట.

పొద్దున్న స్ట్రెచర్ మీద తీసుకెళ్ళి థియేటర్ ముందు ఆపారు. తలుపు సందుల మీద అంటించిన కాగితం పట్టీలను ఏసోబు చింపుతున్నాడు. ఏసోబు ఆ థియేటర్‌లో అసిస్టెంటు. పరికరాలు ఉడకబెట్టేది, దీపం సర్దేది, రోగిని బల్ల మీదికి ఎత్తేది, కాళ్ళూ చేతులూ కట్టేది అతనే. లోపలి నుంచి వచ్చిన ఘాటుకి కళ్ళు మండాయి. సరే, క్రిములు చచ్చాయి. ఇక పోదామనుకుంటే స్ట్రెచర్ కదలలేదు.

గడప దగ్గర కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు నా స్ట్రెచర్ చక్రం కిందికి పారాయి.

రాత్రంతా ఫార్మలిన్, పొద్దున్నే కర్పూరం. ఒళ్ళు కాలిపోతున్నా నవ్వొచ్చింది. ఏసోబు నా మొహం చూసి, "భయపడబాకండి మాస్టారూ, మా సార్ హస్తవాసి గొప్పది" అన్నాడు.

"హస్తవాసి కాదయ్యా, చేతులు కడుక్కున్నారా?" అన్నాను.

"మోచేతుల దాకా అండి" అన్నాడు నొచ్చుకుంటూ.

వెన్నులో సూది పొడిచారు. నడుము కింద నుంచి నా శరీరం ఎవరిదో అయిపోయింది. గుండెల మీద ఒక గుడ్డ తెరలా నిలబెట్టారు. తెర అవతల సర్జన్ గారు, తల దగ్గర మత్తు డాక్టరు గారు. ఈ ఏడు మిరప ఎలా ఉందని ఒకరు, పత్తికి పురుగు తగిలిందని ఇంకొకరు మాట్లాడుకుంటున్నారు. దానికి నాకు కోపం లేదు. రైతు కూడా నాగలి పట్టుకుని కబుర్లు చెబుతాడు. నాకు భయం వేసింది ఆ కబుర్లు ఆగినప్పుడు.

కాసేపు ఇనుప పరికరాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక వాసన. అది నా వాసనేనని గ్రహించాను.

"ఏసోబూ, సక్షన్" అన్నారు సర్జన్ గారు. ఏదో పీల్చే యంత్రం గరగరమంది. "పగిలి చాలాసేపయింది. నిన్న సాయంత్రమే అయ్యుంటుంది."

"కడుపంతా ఉందా?" అన్నారు మత్తు డాక్టరు గారు.

"అంతా."

అప్పుడు ఏసోబు గొంతు మెల్లగా వినిపించింది. "సార్, మాస్టారు కళ్ళు తెరుచుకునే ఉన్నారండి."

ముక్కు మీద మాస్కు వచ్చింది. ఆ తర్వాత నాకేమీ తెలియదు. కానీ తెలిసినంత తెలిసింది.

పున్నమి వైపు

మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, కడుపులో గొట్టం, చేతికి గొట్టం. నోరు మెదపలేను. మంచం చుట్టూ మావాళ్ళు. సర్జన్ గారు వాళ్ళతో అంటున్నారు: "టైముకి తీశాం. ఇంకో గంట ఆగితే పగిలిపోయేది."

అన్నయ్య చేతులు జోడించాడు. సుశీల కళ్ళు తుడుచుకుంది. ఇద్దరికీ ఆ మాట అమృతం. నేను గొట్టాల మధ్య నుంచి ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడలేదు, నా సెలైన్ సీసాని చూశారు. సర్జన్ అబద్ధం చెబుతుంటే చూస్తూ, ఆ సర్జన్ కుట్టిన కుట్లతోనే ఊపిరి పీలుస్తూ పడుకోవడం ఎలా ఉంటుందో మాటల్లో పెట్టలేను. ఆ క్షణంలో ఒక్కటి నిశ్చయించుకున్నాను. ఈ మంచం దిగి వెళ్ళే లోపల, థియేటర్‌లో అన్న మాట ఈయన నోటితోనే బయట అనిపించాలి. బతికితే అందుకు బతకాలి.

బతకడం మాత్రం సులువుగా లేదు. గాయం చీము పట్టింది. కింది కుట్లు విప్పేశారు. రోజూ ఏసోబు గాజుగుడ్డ లోపలికి దూర్చి, మళ్ళీ తీసేవాడు. తీసేముందు సెలైన్ నీళ్ళతో ఎంతోసేపు తడిపేవాడు, అంటుకున్న గుడ్డ మాంసాన్ని లాక్కుని రాకుండా. చేతిలో ఇంకా పనులున్నా ఆ తడపడంలో ఎప్పుడూ తొందరపడలేదు. మంచినీళ్ళు తాగకూడదన్న రోజుల్లో తడిపిన దూదితో నా పెదాలు అద్దింది కూడా అతనే. జ్వరం సాయంత్రం ఎక్కేది, పొద్దున్న దిగేది. నా కంపు నాకే భరించరాకుండా ఉండేది. సుశీల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా పక్కన కూర్చునేది. అది ఎంత కష్టమో నాకు తెలుసు, నేనైతే పెట్టుకునేవాణ్ణి.

చూడ్డానికి వచ్చినవాళ్ళు చేసిన గాయాలు వేరు. ఫలానా ఆయన ఇలాగే పోయాడని ఒకరు, అమావాస్య దాటించి మంచిపని చేశారని ఇంకొకరు. అప్పటికి ఆ మాట అర్థం కాలేదు. ఏదో ఊరి ధోరణి అనుకున్నాను. మా హేతువాద మిత్రుడొకాయన కూడా వచ్చాడు. కమలాపళ్ళు తెచ్చాడు, అవి నేను తినకూడదు. లేచి వెళ్ళబోతూ చెవిలో అన్నాడు: "శివరాత్రి మర్నాడే జబ్బు పడ్డావని బయట ఎవరికీ చెప్పకు. మన ఉద్యమానికి దెబ్బ."

అదీ మన హేతువాదం. దేవుడు లేడని నమ్ముతాం, కానీ ఆయనకి సాక్ష్యం దొరక్కుండా జాగ్రత్తపడతాం. "నేను చచ్చిపోతే ఏ తేదీ వేసుకునేవాడివి?" అని అడిగాను. నొచ్చుకుని వెళ్ళాడు.

సంగతంతా ఒక రోజు డ్రెస్సింగ్ చేస్తుండగా బయటపడింది. నొప్పి మరిచిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడించేవాణ్ణి. "ఏసోబూ, ఆ పొగ ఎన్నాళ్ళకొకసారి పెడతారు?" అన్నాను.

"ప్రతి అమావాస్యకీ అండి."

"అమావాస్యకే ఎందుకు?"

"ఆ రోజు కోయించుకోడానికి ఎవరొస్తారండి?" అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "థియేటర్ ఎట్టాగూ ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడే పొగ పెట్టుకుంటే ఇంకో రోజు పాడవదు కదా అని సార్ మొదట్నించీ అట్టా పెట్టారు."

"మరి అర్జంటు కేసొస్తే?"

"కాన్పుల గది ఉందిగా అండి. బల్ల ఉంది, దీపముంది, అన్నీ ఉన్నాయి. మీరు చేరిన రోజు మధ్యాహ్నం కూడా ఒకమ్మాయికి కోసి బిడ్డని తీశాం. మీరు ఇక్కడ మూలుగుతా ఉన్నారు. అమావాస్యని బిడ్డ ఆగదు కదండీ."

"పేగు ఆగుతుందా?"

గాజుగుడ్డ తడుపుతున్న చెయ్యి ఆగింది. "మీవాళ్ళని సార్ అడిగారంట కదండీ" అన్నాడు ఏసోబు. "మీకు తెలీదా?"

చూడండి ఎంత చక్కగా అల్లారో. మొదట ఎవరో అమావాస్య నాడు కోయించుకోం అన్నారు. అది మూఢనమ్మకం. దానికి తగ్గట్టు ఆసుపత్రి ఆ రోజు గది మూసి పొగ పెట్టింది. అది సైన్సు. ఇక ఆ రోజు ఎవడైనా వస్తే గది మూసి ఉంది, క్రిములు, ప్రమాదం. మూఢనమ్మకానికి ఫార్మలిన్ చొక్కా తొడిగారు. నాలాంటివాడు బొట్టు పెట్టుకుని వచ్చిన అజ్ఞానాన్ని గుమ్మంలోనే ఆపుతాడు. మాస్కు కట్టుకుని వచ్చిన అజ్ఞానానికి మంచం మీద నుంచే నమస్కారం పెట్టాడు.

సుశీలని అడిగాను. దాచలేదు.

"అవును, నేనే ఒద్దన్నాను. 'ఇవాళ అమావాస్య, కాన్పుల గదిలో చేయమంటే చేస్తాను, లేదంటే రేపు పొద్దున్నే' అన్నారు డాక్టరు గారు. రేపే చెయ్యండి అన్నాం."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సెలైన్ పీక్కుని లేచి ఉపన్యాసం ఇచ్చేవారు. మీకు మీ సిద్ధాంతం గెలవాలి. నాకు మీరు బతకాలి."

"అమావాస్య నాడు కోస్తే చచ్చిపోతానని నిజంగా నమ్మావా?"

సుశీల నా దుప్పటి సర్దింది. "నమ్మానో లేదో నాకు తెలియదు. ఆ రోజు చేయించి మీకేమన్నా అయితే? 'అమావాస్య నాడు కోయించి మొగుణ్ణి చంపుకుంది' అని మీ అక్కచెల్లెళ్ళే అనేవాళ్ళు. మీ ఉపన్యాసాలు వినేవాళ్ళెవరైనా వచ్చి నా తరఫున మాట్లాడేవారా?"

ఎవరూ వచ్చేవారు కాదని నాకు తెలుసు. కోపం మాత్రం ఉంది. ఆవిడ మీద కాదంటే అబద్ధం. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ జావ తాగించింది, నేను తాగాను, మాట్లాడలేదు.

అన్నయ్యని అడిగితే ఇంకొకటి చెప్పాడు. "అంత పెద్ద చదువు చదివినాయన నోటితోనే అమావాస్య అని వచ్చిందిరా. ఏం లేకపోతే ఆయనెందుకంటాడు? నాకన్నా ఆయనకి తెలియదా?"

ఇంటికి వెళ్ళే రోజు

చివరి కట్టు సర్జన్ గారే స్వయంగా మార్చారు. ఆయన గదిలో ఇద్దరమే ఉన్నాం. చేతులు కడుక్కుంటుండగా అడిగాను.

"నా అపెండిక్స్ ఎప్పుడు పగిలిందండీ?"

కొళాయి కట్టేశారు. "విన్నారన్నమాట."

"విన్నాను."

"మాస్టారూ, నేను అమావాస్య నమ్మే మనిషిని కాను. గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అమావాస్య లేదు, ఆదివారం లేదు, వచ్చినవాణ్ణి వచ్చినట్టు కోశాం. అది సర్కారు ఆసుపత్రి. ఇక్కడ గోడలు నావి, అద్దాలు నావి. మీరు పాడ్యమి నాడు పోతే మీ రాత. అమావాస్య నాడు పోతే నా తప్పు. ఇరవై మంది కర్రలతో వస్తారు. రారంటారా?"

"వస్తారు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"అందుకే అడిగాను. మీ అన్నయ్యని అడిగాను, మీ ఆవిణ్ణి అడిగాను."

"నన్నెందుకు అడగలేదు?"

ఆయన తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. ఆ ప్రశ్న తప్పించుకోవాలని కాదనుకుంటాను. నిజంగానే ఎప్పుడూ ఎదురుపడని ప్రశ్నలా ఉంది. చివరికి అన్నారు: "మంచం మీద ఉన్నవాణ్ణి అడిగే అలవాటు మాకు లేదు."

ఈ అనారోగ్యం నాకు నేర్పిందంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. సర్జన్‌కి నమ్మకం లేదు, మావాళ్ళు ఏమంటారోనని భయం. మావాళ్ళకి నమ్మకం ఉందో లేదో వాళ్ళకే తెలియదు, సర్జన్‌కి ఏదో తెలుసని గౌరవం, ఊరు ఏమంటుందోనని భయం. వెతికితే ఆ గొలుసులో అమావాస్యని గట్టిగా నమ్మినవాడు ఒక్కడూ దొరకడు. అందరూ కలిసి, నమ్మని ఒక దాని కోసం, నా కడుపులో చీము నింపారు. నా కడుపుని గురించి నన్నొక్కణ్ణే అడగలేదు. నేనూ ఇన్నేళ్ళుగా నమ్మకాల మీద యుద్ధం చేస్తున్నాననుకున్నాను. శత్రువు అక్కడ లేడు. పక్కవాడి నమ్మకానికి మనం చూపే మర్యాదలో దాక్కుని ఉన్నాడు.

కాబట్టి చదువరులారా, మీకు ఈ నొప్పి వస్తే, డాక్టరు మీవాళ్ళని వరండాలోకి పిలిస్తే, మంచం మీద నుంచి కేకేసి లోపలే మాట్లాడమనండి. థియేటర్ మూసి ఉందంటే, ఏ రోజు మూస్తారో, ఎందుకు ఆ రోజే మూస్తారో, కాన్పుల గది తలుపు కూడా మూసే ఉందో అడగండి. సైన్సు మాటలు విని తల ఊపకండి. తల ఊపించేది ఏదైనా ఒకసారి గిల్లి చూడాల్సిందే.

"ఆ మాట మా అన్నయ్యతో చెప్పండి" అన్నాను సర్జన్ గారితో. "థియేటర్‌లో అన్న మాట. మీ నోటితో."

వద్దంటారనుకున్నాను. ఆయన తలుపు తీసి అన్నయ్యని లోపలికి పిలిచారు. ఆ ధైర్యానికి ఆయనకి ఇవ్వాల్సిన మార్కులు ఇస్తాను.

"కోటయ్య గారూ, మీ తమ్ముడికి అది ముందురోజు సాయంత్రమే పగిలింది. టైముకి తీశామని మీకు అబద్ధం చెప్పాను. అమావాస్య నాడే చేసి ఉంటే ఈ గొట్టాలూ, ఈ చీమూ, ఇన్ని వారాల బాధ ఉండేవి కావు."

అన్నయ్య ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇన్ని వారాలూ ఈ నిమిషం కోసమే గడిపాను. ఒక్క మనిషి, నా అన్న, నిజం ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"పగిలిందా?" అన్నాడు. "రాత్రంతా పగిలే ఉందా?"

"అవును."

"కడుపులో అంత ఇషం పెట్టుకుని కూడా బతికాడంటే," అన్నాడు అన్నయ్య, "చూడండి డాక్టరు గారూ, మీరు కోసిన వేళ ఎంత గట్టిదో!"

సర్జన్ గారు నా వైపు చూశారు. ఆయన పెదవుల మీద ఉన్నది నవ్వో, జాలో తెలియలేదు. ఊళ్ళో ఏ కథ తిరుగుతుందో, ఎవరు తిప్పుతారో ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

నర్సింగ్ హోం మెట్లు నిటారుగా ఉంటాయి. సుశీల సంచులు మోసుకుని ముందే దిగింది. అన్నయ్య నా చంక కింద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీస్తే నేను పడిపోతాను. ఆ చేతి మీద ఆనుకుని దిగుతూ, కసి పట్టలేక అన్నాను:

"అన్నయ్యా, రేపు నీకూ అమావాస్య నాడే ఈ నొప్పి రావాలి. వస్తే నిన్ను ఒక్క మాటయినా అడగను. ఆ రోజే, ఆ పూటే కోయిస్తాను."

అన్నయ్య మెట్టు మీద ఆగిపోయాడు. నిజంగా కోపం వచ్చింది ఆయనకి.

"ఏంట్రా? నా కడుపు నన్నడక్కుండానే కోయిస్తావా?"

నేను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. కింద నుంచి సుశీల, "ఏమయిందండీ?" అంటోంది. అన్నయ్య చూపు నా మొహం మీద నుంచి నా కడుపు మీదికి దిగింది. నా చంక కింద ఆయన చెయ్యి ఇంకొంచెం బిగిసింది. మిగిలిన మెట్లు ఇద్దరం ఒక్కొక్కటిగా దిగాం.